తలుపుల్లేని బండితో ఏడేళ్లు

"తలుపులేవిరా?" మా నాన్నగారు ఇంగ్లండు వచ్చినప్పుడు గ్యారేజీలో బండి చూసి అడిగిన మొదటి ప్రశ్న. రెండోది, "ఎంత పోశావు?" మొదటిదానికి జవాబు తేలికే, ఈ బండికి తలుపులుండవు. రెండోదానికి ఈరోజుకీ నా దగ్గర సరైన లెక్క లేదు. ఉన్నా ఇంట్లో చెప్పను.

2016లో, విడిభాగాలుగా వచ్చే కారు కిట్టు కొన్నాను. రెండేళ్లు బిగించాక 2018లో రోడ్డెక్కింది. ఇప్పటికి 19,000 మైళ్లు తిరిగింది. సెవెన్ రకం బండి ఇది. 1957లో లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ తెచ్చినప్పుడు, పూర్తి కారు మీద పడే కొనుగోలు పన్ను విడిభాగాల మీద పడేది కాదు. అందుకే జనం పెట్టెల్లో తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునేవాళ్లు. 1973లో ఆ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. అదే పోలికలో కిట్లు చేసే చిన్న వర్క్‌షాపులు ఇక్కడ చాలానే ఉన్నాయి, నాది అలాంటి ఒకచోట కొన్నది. చదరపు గొట్టాలతో అతికిన చట్రం, దాని మీద రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకులు, ముక్కూ మడ్‌గార్డులూ ఫైబరు. ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియల్, బ్రేకులు మాత్రం వెనకనుంచి గుద్దించుకుని ఇన్సూరెన్సు వాళ్లు వదిలేసిన 2001 నాటి మాజ్దా ఎమ్‌ఎక్స్-5వి. సగం ట్యాంకు పెట్రోలుతో బండి బరువు 640 కిలోలు. మన మారుతీ 800లో 1.8 లీటర్ల ఇంజను పెట్టి, వెనక చక్రాలకు శక్తినిచ్చి, పైకప్పు కోసేశారనుకోండి. దగ్గరదగ్గరగా అదే.

రోడ్డెక్కే ముందు, ఇలా కట్టిన బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసే ఐవీఏ అనే పరీక్ష ఇక్కడ ఉంటుంది. మొదటిసారి తప్పాను, దోషం నాదే. బయటికి పొడుచుకొచ్చే అంచులు గుండ్రంగా ఉండాలని చదివి కూడా, రెండు బ్రాకెట్లకు రబ్బరు అంచు తొడగడం మర్చిపోయాను. దానికి తోడు, మలుపు తిప్పి వదిలితే స్టీరింగు తనంతట తాను మధ్యకు రాలేదు. ముందు చక్రాల కోణాలు సర్ది రెండోసారి వెళ్తే పాసయింది.

ఇక అసలు సంగతి, అంటే దీన్ని ఇంట్లో సాకడం. మెకానిక్‌కి ఎందుకివ్వవు అని అడుగుతుంటారు. ఒక్కసారి ఇచ్చాను. టైర్లు మార్చే చోట కుర్రాడు జాకీ తెచ్చి నేరుగా నేల రేకు కింద పెట్టి ఎత్తాడు. మందం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేని అల్యూమినియం అది. పాదాల దగ్గర గిన్నె ఆకారంలో సొట్ట ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి చక్రాలు విప్పి ఇంకో కారులో వేసుకుని టైర్ల షాపుకి తీసుకెళ్తున్నాను.

పని ఎక్కువా అంటే, ఒక్కో పని చిన్నదే, కానీ ఎప్పటికీ అయిపోదు. నూనె, ఫిల్టర్లు, ప్లగ్గులు అరగంట పని. ఇంజను మీద ఒక్క రేకు మూత, నాలుగు క్లిప్పులు, అంతే. ఏ నట్టుకైనా పానా అందుతుంది. కష్టం ఇంజనుతో కాదు, అదురుతో. 300 మైళ్లకోసారి సస్పెన్షన్ నట్లన్నీ చూడాలి. మొదటి ఏడాది బద్ధకించి, ఒకసారి విప్పిన నైలాన్ నట్టునే మళ్లీ బిగించాను. ఆ నైలాన్ పట్టు ఒక్కసారికే. స్నేక్ పాస్ ఘాట్ రోడ్డు మీద బండి ఎడమకు, కుడికి తూలుతుంటే గాలి అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే స్టీరింగు కడ్డీ చివర నట్టు వేళ్లతో తిరుగుతోంది. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా బాబాయికి చూపించా. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేతు షెడ్డు నడిపిన మనిషి. తిట్టాల్సినవన్నీ తిట్టి, "ప్రతి నట్టు మీదనుంచి బోల్టు మీదకి తెల్ల రంగుతో ఒక గీత లాగరా. గీత తెగిందంటే కదిలినట్టే" అన్నాడు. నాలుగు పౌండ్ల పెయింటు పెన్ను కొన్నాను. ఇప్పుడు టార్చి పట్టుకుని పావుగంటలో తనిఖీ అయిపోతుంది. ఈ బండికి నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే విలువైనది ఆ గీతేనేమో.

తుప్పు రెండో శత్రువు. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉక్కు గొట్టం, అల్యూమినియం రేకు ఒకదానికొకటి ఆనుకున్నచోట ఉప్పునీరు చేరితే ముందు అల్యూమినియమే తెల్లటి పొడిగా రాలుతుంది. చట్రం మీద పౌడరు పూత చూడ్డానికి బాగుంటుంది కానీ ఎక్కడైనా చిట్లితే తుప్పు దాని కిందకి దూరి, పైకి ఏమీ కనబడకుండా పాకుతుంది. రేకులు కొట్టేటప్పుడే మధ్యలో సీలెంటు పూయండి. నేను సగం చోట్ల పూశాను, మిగతా సగం ఇప్పుడు రివెట్లు డ్రిల్లు చేసి మళ్లీ చేస్తున్నా. ఇంకోటి, బ్రేకు ఆయిలు చట్రం మీద చిందితే వెంటనే కడగండి. నాకు అరచేయంత పూత లేచిపోయింది.

మార్పుల విషయంలో నేను తలకిందులుగా వెళ్లాను. అందరిలాగే మొదట హార్స్‌పవర్ మీద పడ్డాను. ఇంజనులోకి గాలి వదిలే మోటార్‌సైకిల్ థ్రాటిల్ బాడీలు నాలుగు, దానికో వేరే ఈసీయూ (ఇంజను కంప్యూటరు), ట్యూనింగ్‌కి ఒక రోజు, అంతా కలిపి 1,400 పౌండ్లు. శబ్దం మాత్రం అద్భుతం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పొద్దున్నే చలిలో స్టార్టయ్యేది కాదు, ట్రాఫిక్‌లో కుదుపులు. అదనంగా వచ్చిన శక్తి వాడాలంటే రోడ్డు మీద చెయ్యకూడని వేగాలు చెయ్యాలి. పద్నాలుగు నెలలకు పీకేసి గాలి పంచే పాత మానిఫోల్డే బిగించాను.

ఆ తర్వాత పైసా ఖర్చులేని పని ఒకటి చేశాను. టైర్లలో గాలి 26 పీఎస్‌ఐ నుంచి 18కి దించాను. టన్ను బండికి రాసిన లెక్క నా బండికి ఎందుకు పనికొస్తుంది? అప్పటిదాకా గోతిగోతికీ ఎగిరే బండి ఒక్కసారిగా రోడ్డుని పట్టుకుంది. తర్వాత నాలుగు చక్రాల కింద బరువు తూచాను. దానికి త్రాసులు అద్దెకిస్తారు కానీ, నేను స్నానాల గది త్రాసులు నాలుగు కొన్నాను. అవి ఒక్కోటి 150 కిలోలే మోస్తాయి, మనిషి కూర్చుంటే వెనక చక్రం అంతకు మించుతుంది. అందుకని బలమైన చెక్క వేసి, ఒక కొస త్రాసు మీద, రెండో కొస అదే ఎత్తు ఇటుక మీద ఆనించి, చక్రాన్ని సరిగ్గా నడుమ నిలబెట్టాను. త్రాసు సగం బరువు చూపిస్తుంది. డ్రైవరు సీట్లో నా బరువుకి సరిపడా బియ్యం బస్తాలు. మా ఆవిడ వంటకి బియ్యం కోసం గ్యారేజీకి రావలసి వచ్చింది ఆ రెండు రోజులూ. ఐమూలగా ఉన్న రెండు చక్రాల జతల మీద 54, 46 శాతంగా ఉన్న బరువు, స్ప్రింగుల ఎత్తు సర్దితే సగం సగానికి వచ్చింది. అంతకుముందు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఒకలా ఉండేది. అదీ నా చేతకానితనమే అనుకునేవాణ్ని.

బ్రేకు ప్యాడ్ల గురించి ఒక మాట. రేసు ప్యాడ్లు వెయ్యకండి. అవి వేడెక్కితేనే పట్టేవి, ఇంత తేలిక బండిలో వేడెక్కనే ఎక్కవు. కాలి నొక్కుకి బలం చేర్చే సర్వో లేని పెడల్ మీద నిలబడాల్సొస్తుంది. మామూలు రోడ్డు ప్యాడ్లే చల్లగా ఉన్నప్పుడు కరుస్తాయి.

సైలెన్సరు పక్కనే, మోకాలి కింద ఎత్తులో ఉంటుంది. మా ఆవిడ దిగబోతూ పిక్క కాల్చుకున్నాక రంధ్రాల రేకుతో కవచం వేశాను. ఆవిడ మళ్లీ ఎక్కింది, కానీ వానలో ఒకసారి వెళ్లొచ్చాక "స్నానం, ప్రయాణం రెండూ ఒకేసారి అయిపోతాయండీ మీ బండిలో" అంది. సైలెన్సరు లోపలి గాజు పీచు కాలిపోతే శబ్దం పెరుగుతుంది. డోనింగ్టన్ పార్కు ట్రాక్‌లో మామూలు రోజుల్లో నిలబెట్టి కొలిస్తే 98 డెసిబెల్స్ దాటకూడదు. రెండేళ్లకోసారి రివెట్లు తీసి పీచు మార్చుకోవాల్సిందే.

మన దగ్గర ఇలాంటిది చెయ్యొచ్చా అని బంధువుల పిల్లలు అడుగుతుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆటోనగర్‌లో చేతులకు కొదవలేదు కానీ, కట్టాక రోడ్డు మీద తిప్పడానికి నంబరు రావడమే కష్టం.

ఇంతకీ మళ్లీ కొంటానా? కొంటాను. కానీ ఈసారి ఇంజను మాజ్దా నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంచేసి, ఆ 1,400 పౌండ్లలో కొంత పెట్టి ముందుగా గ్యారేజీకి ఒక మంచి హీటరు కొంటాను. జనవరిలో సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని నట్ల మీద గీతలు చూసేవాడికే తెలుస్తుంది దాని విలువ.