తడి పనికి ఏ సుద్దముక్క: మామూలుదా, డస్ట్‌లెస్‌దా?

నల్లబల్ల మీద పొడిగా రాయడానికి డస్ట్‌లెస్‌దే మేలు, అందులో వాదన లేదు. దాని రేణువులు బరువు. గాలిలో తేలకుండా కిందికి రాలతాయి. నీళ్లలో ముంచి బొమ్మలు వేయాలంటే మాత్రం మా ఓటు మామూలు ముక్కకే. ఈ తేడా ఏ డబ్బా మీదా రాయరు.

మామూలు ముక్క అంటే జిప్సం. అచ్చులో పోసి గట్టిపరిచినది కాబట్టి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. నీళ్లలో వేయగానే లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది. బుడగలు ఆగాక తీస్తే మెత్తబడి ఉంటుంది గానీ ఆకారం చెడదు. డస్ట్‌లెస్‌లో ఉండేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్ పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు. ఆ జిగురు నీటికి కరిగే రకమైతే ముక్క అంచుల నుంచి బురదైపోతుంది. పైన పూత ఉన్నదైతే నీరు చివర్ల నుంచే ఇంకుతుంది: కొన మెత్తన, నడుము పొడి, కాస్త నొక్కితే విరుగుతుంది.

తడిగీత మొదట వెలవెలబోతుంది. రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు నిండితే వెలుతురు అంతగా చెదరదు, తెలుపు తగ్గుతుంది. కనబడలేదని మళ్లీ మళ్లీ రుద్దకండి. ఆరాక పొడిగీత కన్నా చిక్కగా తేలుతుంది. చెయ్యి తగిలినా చెదరకూడదంటే ఒక వంతు పంచదారకు మూడు వంతుల నీళ్లు కలిపి, ముక్కను అయిదు పది నిమిషాలు నానబెట్టండి. కాగితానికి ఇది భేషైన పద్ధతి. బల్ల మీద మాత్రం వద్దు, జిగట పొర మిగులుతుంది, పొడి డస్టర్‌కు లొంగదు. పాకం చిక్కనైతే ముక్క ఆరాక పైన గాజుపొరలా గట్టిపడి జారుతుంది, గీత పడదు.

కొన్నది ఏ రకమో తెలియకపోతే వెనిగర్ చుక్క వేయండి. బుసబుస పొంగితే కార్బొనేట్, ఊరకుంటే జిప్సం. ఒక గ్రాము కార్బొనేట్ పూర్తిగా కరగాలంటే 5 శాతం వెనిగర్ సుమారు 24 మిల్లీలీటర్లు కావాలి. దాదాపు పావులీటరు వాయువు పుడుతుంది, కాబట్టి సీసాలో వేసి కరిగిస్తే మూత బిగించకూడదు. మంచినీటిలోనైతే లీటరుకు జిప్సం రెండు గ్రాముల పైచిలుకు కరుగుతుంది, కార్బొనేట్ కొన్ని పదుల మిల్లీగ్రాములే. నీళ్లు తెల్లబడితే కరిగినట్టు కాదు, కదపకుండా ఉంచితే పొడి అడుక్కి దిగుతుంది.

స్పిరిట్ జిప్సాన్నీ కార్బొనేట్‌నూ కరిగించదు, త్వరగా ఆరుతుంది, అంతే. నూనె తగిలిన ముక్క బల్లకు పనికిరాదు, మరకలు పడతాయి. అయితే కార్బొనేట్ పొడిని అవిసె నూనెతో పిసికితే కిటికీ అద్దాలకు పెట్టే పుట్టీ అవుతుంది.

జిప్సం ముక్కల్ని నూరి నీళ్లు కలిపి అచ్చు పోద్దామనుకుంటే కుదరదు. అది ఇప్పటికే నీటిని పట్టుకుని గట్టిపడిన పదార్థం. సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చి ఆ నీటిలో చాలా భాగం పోగొడితేనే మళ్లీ గట్టిపడుతుంది. లేదంటే ఆరాక వేలితో నలిపితే పొడే.