18 అంకెల నంబర్ ప్రైమా కాదా: ఏ టెస్ట్ మేలు?

"అన్నా, నా ప్రైమ్ కోడ్ టైమ్ అవుట్ కొడుతోంది, ఏం వాడాలి" అని ఈ నెలలో నాలుగోసారి అడిగారు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

వర్గమూలం దాకా భాగించుకుంటూ పోయే పాత పద్ధతిని తీసిపారేయక్కర్లేదు. 12 అంకెల్లోపు అయితే నేను ఇప్పటికీ అదే రాస్తా, ఐదు లైన్లు, పైగా ప్రైమ్ కాకపోతే ఫ్యాక్టర్ కూడా చేతికొస్తుంది. కానీ 18 అంకెలంటే వర్గమూలమే 100 కోట్ల దాకా పోతుంది, సరిసంఖ్యలు వదిలేసినా 50 కోట్ల భాగహారాలు, అలాంటి నంబర్లు వెయ్యి ఇస్తే ఇక అంతే సంగతులు.

ఫెర్మా టెస్ట్ ఉంది: ఏదో ఒక నంబర్‌ని బేస్‌గా తీసుకుని, దాన్ని (మన నంబర్ − 1) ఘాతానికి పెంచి, మన నంబర్‌తో భాగిస్తే శేషం 1 వస్తే ప్రైమ్ అనేస్తుంది. చాలా ఫాస్ట్, కానీ 561 దగ్గర బోల్తా పడుతుంది. 561 అంటే 3×11×17, అయినా దీంతో ఉమ్మడి ఫ్యాక్టర్ లేని ఏ బేస్ పెట్టినా శేషం 1 వచ్చేస్తుంది. ఇలాంటి కార్మైకేల్ నంబర్లకి అంతు లేదని 1994లో నిరూపించారు కూడా.

నా ఓటు మిల్లర్-రాబిన్‌కే. అదే 561 మీద చూడండి. 561 − 1, అంటే 560లోంచి 2లన్నీ లాగేస్తే 35 మిగులుతుంది. బేస్ 2 అనుకుందాం. 2^35ని 561తో భాగిస్తే శేషం 263, దాన్ని వర్గం చేస్తే 166, మళ్ళీ చేస్తే 67, ఇంకోసారి చేస్తే 1. ఫెర్మా ఆ చివరి 1 చూసి సరే అనేస్తుంది, ఇది మాత్రం దాని ముందున్న 67ని పట్టుకుంటుంది. ప్రైమ్ అయితే వర్గం చేసి 1 ఇచ్చేవి 1, 560 రెండే ఉండాలి కదా, మధ్యలో ఈ 67 ఎక్కడిది? దొరికిపోయింది.

"ప్రాబబిలిటీ టెస్ట్ కదా, నమ్మొచ్చా" అంటారు. నా లెక్కలో అసలు తేల్చేది ఇదే. ఇది "కాదు" అంటే కాదు, అందులో తిరుగులేదు, అనుమానమంతా "అవును" అన్నప్పుడే. 64 బిట్ల లోపు నంబర్లకి (మన 18 అంకెలవన్నీ ఇందులోకే వస్తాయి) 2 నుంచి 37 దాకా ఉన్న 12 ప్రైమ్‌లనీ బేస్‌లుగా పెడితే ఆ అనుమానం కూడా ఉండదు, అది తేలిపోయిన విషయం. ఒక్కటే జాగ్రత్త, రెండు 18 అంకెల నంబర్లు గుణిస్తే వచ్చేది 64 బిట్లలో పట్టదు, అక్కడ 128 బిట్ వాడండి, నేను మొదటిసారి అది మర్చిపోయి పెద్ద ప్రైమ్‌లన్నిటినీ కాదనిపించి రాత్రంతా బగ్ వెతుక్కున్నా.

ఏకేఎస్ అని ఇంకో టెస్ట్ ఉంది, 2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా కనిపెట్టింది, ఏ నంబర్‌కైనా అనుమానం లేకుండా చెప్తుంది. మనవాళ్ళదని గర్వమే గానీ కోడ్‌లో పెడితే నత్తనడక.

ప్రైమ్ కాదంటే ఫ్యాక్టర్ చూపించమని కొందరి పట్టు. అది వేరే పని అండీ. 2^67−1 ప్రైమ్ కాదని ల్యూకా 1876లోనే తేల్చాడు, 193707721 × 761838257287 అని కోల్ చూపించేసరికి 1903 వచ్చింది. ఫ్యాక్టర్లే కావాలంటే వాటిని వెతికే పొలార్డ్ రో పద్ధతి పెట్టుకోండి, కాకపోతే దానికి ముందు మిల్లర్-రాబిన్ తప్పనిసరి, లేదంటే ప్రైమ్ తగిలినప్పుడు అది లేని ఫ్యాక్టర్ కోసం తిరుగుతూనే ఉంటుంది.