రాయికి గంట్లు పెట్టించాక మా గ్రైండరు

టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ల గురించి ఎవరు రాసినా లీటర్లు, వాట్లు, వారంటీ రాస్తారు. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. ఏళ్ల తరబడి వాడుతున్నాను కాబట్టి నేను రాయి గురించి చెప్తాను. ఈ యంత్రంలో పప్పును పిండి చేసేది ఆ రాయే. మోటారూ, బెల్టూ, స్టీలు గిన్నే దాన్ని తిప్పడానికే ఉన్నాయి. అయినా కొనేటప్పుడు రాయిని తడిమి చూసేవాళ్లు నాకు కనబడలేదు. అది నున్నబడితే ఏం చెయ్యాలో గ్రైండరుతో వచ్చిన పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మాది విజయవాడ. అత్తయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు. పొద్దున టిఫిను ఇంట్లోనే. ఇడ్లీ, అట్టు, పెసరట్టు వంతులవారీగా తిరుగుతుంటాయి, పండగొస్తే గారెలు. గ్రైండరు రెండు లీటర్లది, రెండు పొత్రాలది. పాత రుబ్బురోట్లో రోలు కదలదు, పొత్రాన్ని మనం తిప్పుతాం. ఇందులో రోలే తిరుగుతుంది, పొత్రాలు వాటిని పట్టి ఉంచే పట్టీకి ఉన్నచోటే దొర్లుతాయి. ఈ యంత్రం కోయంబత్తూరులో పుట్టింది. ఆ ఊరి గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

అక్కడివాళ్లు ఇడ్లీకి బియ్యం కూడా రుబ్బుతారు. మనం రుబ్బేది మినప్పప్పు ఒక్కటే, ఒకటికి రెండు పాళ్లు ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు పిండేసి కలిపేస్తాం. రవ్వ తనంతట తాను పొంగదు. అంటే మన ఇడ్లీ భారమంతా మినప్పిండి మీదే. పులిసేటప్పుడు పుట్టే గాలిని పట్టుకుని నిలబెట్టాల్సింది దాని జిగురే. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును కోస్తుంది, కోస్తూ వేడెక్కిస్తుంది. చల్లటి నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పినా అంతంత మాత్రమే. రాయి మెల్లగా నలుపుతుంది. నలిగినకొద్దీ జిగురు తేలి, గాలి కలిసి, పిండి తెల్లగా లేస్తుంది. పావుకిలో మినపగుళ్లు నాలుగైదు గంటలు నానబెట్టి వేస్తే, ఇరవై నిమిషాలు దాటేసరికి గిన్నెలో అది పావుకిలో పప్పంటే కొత్తవాళ్లు నమ్మరు. చిన్న ఉండ తీసి నీళ్లలో వేస్తే పైకి తేలుతుంది. కొన్న కొత్తలో ఈ ఒక్క సుఖానికే నేను మా అక్కచెల్లెళ్లందరి చేతా గ్రైండర్లు కొనిపించాను.

రెండేళ్ల కిందట ఆ సుఖం మెల్లగా పోయింది. ఇది ఒక్కరోజులో తెలిసే సంగతి కాదు. ఇరవై నిమిషాల పని అరగంటైంది, తర్వాత ముప్పావుగంటకీ పిండిలో పలుకు తగులుతూనే ఉంది. అంతసేపు తిరిగితే రాయి మీద కూడా పిండి గోరువెచ్చగా అవుతుంది, పొంగు చచ్చిపోతుంది. ఎండాకాలంలో ఐదారు గంటల్లో పులవాల్సింది పులిసింది గానీ, పుల్లబడిందే తప్ప లేవలేదు. ఇడ్లీలు అట్టకట్టాయి. చిన్నాడు రెండు తిని లేచిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. పప్పు మార్చాను, కొట్టు మార్చాను, పొట్టుపప్పు తెచ్చి కడిగి రుబ్బాను. తేడా లేదు. బెల్టు వదులైందేమోనని అదీ మార్పించాం. గిన్నె ఊపుగా తిరిగింది, పిండి మాత్రం మారలేదు.

సర్వీసు సెంటరుకి మోసుకెళితే అక్కడి అబ్బాయి మూత తీసి, ఒకసారి లోపలికి చూసి, "డ్రమ్ము సెట్టు మొత్తం మార్చాలి మేడమ్, రాళ్లు విడిగా రావు" అన్నాడు. డ్రమ్మంటే అడుగున రాయి అంటించిన ఆ స్టీలు గిన్నే. ఖరీదు 2,800 చెప్పాడు. మోటారు బాగుంది, బెల్టు కొత్తది, రాయి ఎక్కడా పగల్లేదు. బాగున్న గ్రానైటును పారేసి మళ్లీ అలాంటి గ్రానైటే కొనమనడం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. రాయి నున్నబడితే బాగుచేసుకునే దారి ఉందని ఆ కౌంటరులో ఒక్కరూ అనలేదు.

అన్నది మా అత్తయ్య. డ్రమ్ములో చెయ్యి పెట్టి అడుగంతా తడిమి, "రాయి నున్నబడిందమ్మా. మా రోలుకి ఏటా గంట్లు పెట్టించేవాళ్లం. దీనికెప్పుడైనా పెట్టించారా?" అంది. ఒకప్పుడు నున్నబడ్డ రాయిని ఉలితో మళ్లీ గరుకు చేసేవాళ్లు "రోళ్లకి గంట్లు పెడతాం" అని వీధుల్లో కేకేసుకుంటూ తిరిగేవాళ్లు. ఇప్పుడా కేక మా వీధిలో వినబడదు. ఊరి బయట రోడ్డు పక్కన రోళ్లు, సన్నికళ్లు అమ్ముకునే కుటుంబం ఉందని మావారు కనుక్కొచ్చారు. మోటారు ఇంట్లో ఉంచి, డ్రమ్ము, పొత్రాలు మాత్రం గోనెసంచిలో పెట్టుకుని వెళ్లాం.

ఆ పెద్దాయన పని చూడాల్సిందే. ముందు డ్రమ్ము అడుగును తడిగుడ్డతో తుడిచి, ఎండకు వాల్చి చూపించాడు. నున్నబడ్డ మేరంతా అద్దంలా తళతళమంది, అంచుల్లో మాత్రం పాత గరుకు కాస్త మిగిలింది. "అమ్మా, ఇది స్టీలులో అంటించిన రాయి. రోలుని కొట్టినట్టు కొడితే ఊడొచ్చేస్తది" అన్నాడు. కింద గోనెసంచి నాలుగు మడతలు వేసి, డ్రమ్మును దాని మీద కుదురుగా నిలిపాడు. పెద్ద ఉలి పక్కన పెట్టి, వేలెడంత సన్న ఉలి తీశాడు. సుత్తి ఎత్తేది బెత్తెడే. నడిమి నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా అంచుకి వచ్చాడు. దెబ్బ దెబ్బకీ తెల్లటి చుక్క పడుతోంది. ప్రతి చుట్టుకీ ఆగి, దుమ్ము ఊది, అరచేత్తో నిమిరి, ఎక్కువ లేచిన చోట మళ్లీ తాకించాడు. పొత్రాలకు ఇంకా తేలిగ్గా పెట్టాడు, వాటికి గంటు ఒకవైపు లోతు పడితే గిన్నెలో గడగడలాడతాయట. గంటన్నర పని. మూడొందలు అడిగాడు. ఆ చేతికి అది తక్కువని మావారు ఇంకో వంద కలిపి ఇచ్చారు.

ఇంటికొచ్చాక తొందరపడకూడదు. కొత్త గంట్లలో రాతిపొడి ఉంటుంది. గుప్పెడు నూకలు, నీళ్లు వేసి తిప్పాను. బూడిదరంగు నీళ్లొచ్చాయి, పారబోశాను. నీళ్ల రంగు తేటపడేదాకా అలాగే చేశాను. ఆ తర్వాత రుబ్బిన బియ్యప్పిండి అత్తయ్య పంటికింద పెట్టుకుని, ఇసుక తగల్లేదని చెప్పాకే పప్పు వేశాను. ఈ పని చేయించుకునేవాళ్లు దీన్ని మాత్రం వదలొద్దు, పంటికింద రాయి పడితే పిల్లలు మళ్లీ ఇడ్లీ ముట్టరు.

పావుకిలో గుళ్లు ఇరవై నిమిషాల్లో నలిగాయి. పిండి చేత్తో ఎత్తితే జారకుండా ముద్దగా వచ్చింది. తెల్లారి గిన్నె మూత పైకి లేచి ఉంది. చిన్నాడు ఆరు ఇడ్లీలు తిన్నాడు, అల్లప్పచ్చడి వేసుకుని ఇంకోటి అడిగాడు. ఆ పూట నాకు కలిగిన సంతోషం కొత్త గ్రైండరు కొన్న రోజున కూడా కలగలేదు.

అయితే ముందు నేను చెప్పుకు తిరిగిన మాటల్లో కొన్ని ఇప్పుడు సవరించుకోవాలి. గంట్లు పెట్టిన కొత్తలో అట్ల పిండి కొంచెం బరకగా వచ్చింది. కరకరలాడే అట్టుకు అది మంచిదే గానీ, మెత్తటి అట్టు ఇష్టపడే ఇంట్లో నెలా రెండు నెలలు ఓపిక పట్టాలి. గారెల పిండి దీనంత బాగా ఏదీ రుబ్బదని అనేదాన్ని. ఇప్పుడైతే "పక్కన నిలబడగలిగితేనే" అని కలుపుతాను. గారెలకు నీళ్లు తక్కువ పోస్తాం కదా, పిండి పొత్రాలను చుట్టేసుకుని బెల్టు జారుతుంది. నీళ్లు చిలకరిస్తూ, గరిటెతో అంచులు దింపుతూ ఉండాలి, వేసి వెళ్లిపోతే కుదరదు. గ్లాసు పప్పు కంటే తక్కువ వేస్తే గోడలకు అంటుకుంటుందే తప్ప నలగదు. పెసరట్టుకు అల్లం, పచ్చిమిర్చి వేస్తే ప్లాస్టిక్ పట్టీకి ఆ వాసన పట్టి, మర్నాటి మినప్పిండిలో తేలుతుంది. నేనిప్పుడు అల్లం, మిర్చి విడిగా దంచి కలుపుతున్నాను. రోటిపచ్చళ్లకు దీన్ని వాడొద్దు, వాటికి చిన్న రోలే ఉండాలి. గ్రైండరుతో వచ్చిన కొబ్బరి కోరే సామాను, పిండి కలిపే సామాను అటకెక్కాయి.

బరువు సంగతి కూడా ఉంది. అత్తయ్య ఒక్కతే డ్రమ్ము ఎత్తలేదు, కడగడం నా వంతే. మా గట్టు సింకు పక్కనే కాబట్టి సరిపోయింది. తీసి దించి మళ్లీ ఎక్కించాల్సిన వంటిల్లయితే నెల తిరక్కుండా అది మూలపడుతుంది. ఇద్దరే ఉండి, ఆదివారం ఇడ్లీ వేసుకునే ఇంటికి మంచి మిక్సీ, చల్లటి నీళ్లు చాలు. మా హైదరాబాదు చెల్లెలికి నేను కొనిపించిన గ్రైండరు ఈమధ్య నేనే వెనక్కి తెచ్చి మా ఆడపడుచుకి ఇచ్చాను, వాళ్లింట్లో ఏడుగురు. మాకు ఇంకా చాలాకాలం ఇదే ఉంటుందనుకుంటున్నాను, గంట్లు పెట్టే పెద్దాయన అందుబాటులో ఉన్నంతవరకు.

కొత్తదో పాతదో కొనబోయేవాళ్లు మూత తీయించి, డ్రమ్ము అడుగున బొటనవేలు పెట్టి నడుమా అంచూ రెండుచోట్లా రుద్దండి. రెండుచోట్లా ఒకేలా గరగరలాడాలి. రాయి స్టీలుకు ఆనే చోట చుట్టూ సందు లేకుండా ఉండాలి. సందుంటే నీళ్లు దిగి, గంట్లు పెట్టించేనాటికి రాయి ఊడొస్తుంది. పొత్రాలు విడిగా దొరుకుతాయా అని బిల్లు కట్టకముందే అడగండి.