టెలివిజన్ పురస్కారాలు: ప్రేక్షకుల ఓటు, తోటివారి ఓటు, జ్యూరీ తీర్పు - ఏది మేలు?

పురస్కార ప్రదానోత్సవాన్ని టీవీలో చూసేవారికి వేదిక, దీపాలు, నటీనటుల దుస్తులు, కృతజ్ఞతా ప్రసంగాలు కనిపిస్తాయి గానీ, విజేతను తేల్చింది ఎవరన్నది కనిపించదు. ఆ పురస్కారానికి మనం ఎంత విలువ ఇవ్వాలన్నది మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది. బ్రిటన్‌లో 1995లో మొదలై ఐటీవీలో ప్రసారమవుతున్న నేషనల్ టెలివిజన్ అవార్డ్స్ విజేతలను ప్రేక్షకులే ఓటు వేసి ఎన్నుకుంటారు. అమెరికాలో 1949 నుంచి ఇస్తున్న ఎమ్మీ పురస్కారాలకు టెలివిజన్ అకాడమీ సభ్యులు, అంటే ఆ రంగంలో పనిచేసేవారే ఓటు వేస్తారు. బ్రిటన్‌లోనే ఉన్న బాఫ్టా టెలివిజన్ పురస్కారాల్లో సభ్యుల ఓటుతో జాబితాను కుదించి, తుది నిర్ణయాన్ని ఒక్కో విభాగానికి ఏర్పాటు చేసే చిన్న జ్యూరీకి వదులుతారు. నా మొగ్గు ఈ మూడో పద్ధతి వైపే ఉంది. అయితే మొదటిదాన్ని తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు.

ప్రేక్షకుల ఓటుకున్న పెద్ద బలం, ఇంటింటా రోజూ చూసే కార్యక్రమాలకు అది ప్రధాన వేదిక మీద చోటివ్వడం. 'ఈస్ట్‌ఎండర్స్', 'కొరొనేషన్ స్ట్రీట్', 'ఎమర్‌డేల్' వంటి దశాబ్దాల తరబడి సాగుతున్న సీరియళ్లు, వాటిలోని నటులు అక్కడ పెద్ద డ్రామాలతో ఒకే రాత్రి, ఒకే గౌరవంతో పురస్కారాలు అందుకుంటారు. అమెరికాలో పగటి సీరియళ్లకు ఆ అవకాశం లేదు. వాటికి 1974 నుంచి డేటైమ్ ఎమ్మీ అనే వేరే వేడుక ఉంది. 'ఆల్ మై చిల్డ్రన్' నటి సూసన్ లూచీ ఆ వేడుకలో 18 సార్లు ఓడి, 1999లో 19వ నామినేషన్‌కు గాని గెలవలేదు. అన్నేళ్లు ఆమెను తమ ఇంటి మనిషిగా చూసుకున్న ప్రేక్షకుల మాటకు ఆ లెక్కలో చోటే లేకపోయింది. డైలీ సీరియళ్లతో సాయంత్రాలు గడిచే మన ఇళ్లవారికి ఈ అన్యాయం వెంటనే అర్థమవుతుంది.

అయినా ఆ ఓటు కొలిచేది అభిమానాన్నే గాని, ఆ ఏడాది చేసిన పనిని కాదు. ఆంట్, డెక్ అనే వ్యాఖ్యాతల జంట నేషనల్ టెలివిజన్ అవార్డ్స్‌లో 2001 నుంచి వరుసగా ఉత్తమ వ్యాఖ్యాతలుగా గెలుస్తూ వచ్చింది. 2018లో ఎక్కువ భాగం ఆంట్ తెర మీదే లేరు. అయినా 2019 జనవరిలో పురస్కారం ఆ ఇద్దరికే వచ్చింది. ఆ వరుస 2025లో తెగింది, అదీ దీర్ఘకాలం నడిపిన ఫుట్‌బాల్ కార్యక్రమాన్ని వదిలి బీబీసీ నుంచి వైదొలగిన గ్యారీ లినెకర్ చేతిలో. ఇద్దరు ఆప్తుల మధ్య ప్రేక్షకులు ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఎవరు ఎంత జనాదరణ పొందుతున్నారో రేటింగులు ప్రతి వారమూ చెబుతూనే ఉన్నాయి. అదే సంగతిని మళ్లీ చెప్పడానికి ఒక పురస్కారం అవసరమా అన్నది నా సందేహం.

ఎమ్మీ పద్ధతి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దుతుంది. నటీనటుల నామినేషన్లను నటీనటులే, రచయితల నామినేషన్లను రచయితలే నిర్ణయిస్తారు. నటులు తమ తరఫున ఒక ఎపిసోడ్‌ను పరిశీలనకు పంపుతారు. ఒకప్పుడు తుది తీర్పు చిన్న బృందాలది. 2015లో దాన్ని అర్హులైన సభ్యులందరికీ తెరిచారు. అప్పటి నుంచి ఇక్కడా పేరున్నవారి వైపు మొగ్గు పెరిగే ప్రమాదం ఏర్పడిందని నా అభిప్రాయం, ఎందుకంటే వేలాది మంది అన్నిటినీ శ్రద్ధగా చూస్తారని నమ్మడం కష్టం. తోటివారి కళ్లూ పొరబడతాయి. విమర్శకులు తలకెత్తుకున్న 'ది వైర్'కు ఒక్క ఎమ్మీ కూడా రాలేదు. 'బెటర్ కాల్ సాల్' 53 నామినేషన్లు పొంది ఒక్కటీ గెలవలేదు.

బాఫ్టా జ్యూరీలో కొద్దిమందే ఉంటారు కాబట్టి పోటీలో ఉన్నవాటిని అందరూ చూస్తారు, ఒకరి ముఖం ఒకరు చూస్తూ వాదించుకుంటారు, చూడనివారు తప్పించుకోలేరు. ప్రేక్షకుల అభిమానానికి కూడా అక్కడ చోటుంది: ఆ ఏడాది మరపురాని ఘట్టాన్ని మాత్రం ప్రజలే ఓటు వేసి ఎంచుతారు. రెండు కొలతలను కలపకుండా విడివిడిగా ఉంచడమే నాకు నచ్చిన అంశం. ఈ రెండు తీర్పులు ఎప్పుడూ ఎదురెదురుగానే నిలవవు కూడా. లోపభూయిష్టమైన కంప్యూటర్ లెక్కల వల్ల దొంగలుగా ముద్రపడిన పోస్టాఫీసు నిర్వాహకుల కథ చెప్పిన 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్' 2024లో ప్రేక్షకుల ఓటుతోను, 2025లో బాఫ్టా జ్యూరీ తీర్పుతోను గెలిచింది.

తెలుగులో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి జీ తెలుగు కుటుంబం అవార్డ్స్, స్టార్ మా పరివార్ అవార్డ్స్ వంటి చానళ్ల సొంత వేడుకలు. వాటిలో పోటీ ఆ చానల్ సీరియళ్ల మధ్యనే జరుగుతుంది కనుక, వాటిని కళాకారుల కుటుంబ పండుగగా ఆనందించవచ్చు గాని, తెలుగు టెలివిజన్ మొత్తానికి కొలమానంగా తీసుకోలేము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది పురస్కారాల్లో టీవీ విభాగాన్ని కూడా నడిపింది. కమిటీ చూసి నిర్ణయించే ఆ పద్ధతి అన్ని చానళ్లనూ ఒకే చోటికి తెచ్చింది. అలాంటి వేదిక మళ్లీ రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకోవడానికి ముఖ్యమైన కారణం మన సీరియళ్ల తయారీలోనే ఉంది. మన సీరియళ్ల నాయికల్లో చాలామంది కన్నడ సీమ నుంచి వచ్చినవారు. తెర మీద ఏడ్చేది, నవ్వేది వారైతే, ఆ ఏడుపుకు, నవ్వుకు తెలుగు పలుకునిచ్చేది డబ్బింగ్ గదిలోని మరొకరు. ప్రేక్షకుడి ఓటు సహజంగానే ముఖానికి పడుతుంది. ఆ నటనలో గొంతు వాటా ఎంతో విని తేల్చి, ఆ గొంతుకు విడిగా ఒక పురస్కారం ఇవ్వగలిగేది జ్యూరీ ఒక్కటే.