పాత జీపుకి ల్యాండ్ క్రూజర్ 80 యాక్సిల్స్: ఉద్దానం ఇసుకలో చాలాకాలం నడిపాక

శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర మా జీడితోటలో తిరిగే పొట్టి మహీంద్రా జీపుకి ముందూ వెనకా టయోటా ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్ యాక్సిల్స్ (ఇరుసులు) వేయించి కొన్నేళ్ళయింది. జీడి సీజన్లు, వానాకాలాలు చాలానే చూసింది. యాక్సిల్స్ గట్టివే, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే ఈ పని యాక్సిల్‌తో ఆగదు. బ్రేకులు, గేరు నిష్పత్తి, స్టీరింగ్ అన్నీ కదులుతాయి. ఆ మూడింటికీ ఖర్చు పెట్టలేనివారు పాత యాక్సిల్‌కే కొత్త బేరింగులు, కొత్త షాఫ్టులు (యాక్సిల్ లోపల చక్రాన్ని తిప్పే కడ్డీలు) వేయించుకోవడం మేలు.

మార్చడానికి కారణం బరువు. మా వైపు జీడి పిక్కల బస్తా అంటే 80 కేజీలు. ఐదారు బస్తాలు, మనుషులు ఎక్కాక మెత్తటి ఇసుకలో దిగబడ్డ బండిని గుంజితే దెబ్బంతా వెనక షాఫ్టు మీదే పడుతుంది. ఈ జీపు యాక్సిల్ రూపం పాత విల్లీస్ జీపులది. అందులో షాఫ్టు చక్రాన్ని తిప్పాలి, బండి బరువూ మొయ్యాలి. షాఫ్టు చివర కోసుగా ఉంటుంది, దాని మీద హబ్బుని (చక్రం బిగించే భాగాన్ని) ఒక చిన్న కీ, పెద్ద నట్టు పట్టి ఉంచుతాయి. కీ తెగితే షాఫ్టు తిరుగుతుంది గానీ చక్రం కదలదు. బేరింగ్ బయట షాఫ్టే తెగితే చక్రం ఊడి పక్కన పడుతుంది.

నాకు దొరికిన 80 సిరీస్ వెనక యాక్సిల్ ఫుల్ ఫ్లోటింగ్. లారీల్లో ఉండే పద్ధతే. హబ్బు రెండు కోను బేరింగుల మీద, హౌసింగు (యాక్సిల్ బయటి గొట్టం) చివర ఉన్న స్పిండిల్‌కి కూర్చుంటుంది. బరువు హౌసింగు మోస్తుంది, షాఫ్టుది తిప్పే పని మాత్రమే. ఒకవేళ షాఫ్టు తెగినా చక్రం చోటు వదలదు. బోల్టులు విప్పి ముక్కలు లాగేసి, హబ్బు నోట్లో ఇసుక పడకుండా మూసి, ఫోర్ వీల్ వేసి ముందు చక్రాలతో ఇంటికి రావచ్చు. నాకింతవరకూ ఆ అవసరం రాలేదు. తోటలో పనివాళ్ళని ఎక్కించుకుని తిరిగేవాడిగా నాకు ఈ ఒక్క గుణమే అన్నిటికంటే విలువైనది.

కూర్చోబెట్టే పని కాశీబుగ్గలో లారీ హౌసింగుల మీద చెయ్యి తిరిగిన మేస్త్రీ చేశారు. 80 సిరీస్ కాయిల్ స్ప్రింగుల బండి, మనది కమాన్ల (పట్టీల స్ప్రింగుల) బండి. కాబట్టి యాక్సిల్ మీదున్న పాత బ్రాకెట్లన్నీ కోసి, నున్నగా రుద్ది, కమాన్ కట్ట కూర్చునే దిమ్మలు వెల్డింగ్ చెయ్యాలి. ఆ దిమ్మలకి ముందు టాకాలే (చుక్కల్లా తాత్కాలిక వెల్డింగ్) వేయించండి. బండిని నేల మీద దింపి, మామూలుగా మోసే బరువు ఎక్కించి, పినియన్ (యాక్సిల్‌లోకి శక్తి తెచ్చే చిన్న గేరు) కోణం చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్. ముందు యాక్సిల్‌తో ఇంకో చిక్కుంది. యాక్సిల్‌కి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోసం పినియన్ పైకెత్తితే క్యాస్టర్ (చక్రం మళ్ళే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గిపోయి స్టీరింగ్ తేలిపోతుంది. మేం క్యాస్టర్‌నే పట్టుకున్నాం, ప్రొపెల్లర్ షాఫ్టుకి డబుల్ జాయింట్ వేయించాం. 80 సిరీస్ ముందు పినియన్ ఎత్తులో ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల గుండు) కుడివైపు ఉండటం ఇంకా పెద్ద మేలు. జీపు ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్స్‌కి శక్తి పంపే పెట్టె) నుంచి ముందు షాఫ్టు బయటికొచ్చేదీ అటే. వేరే బండి యాక్సిల్ కొనేముందు ఈ ఒక్కటీ తప్పకుండా చూడండి.

గేరు నిష్పత్తి సంగతి. నా జీపులో క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు) పళ్ళు 43, పినియన్ పళ్ళు 8, అంటే 5.38. వచ్చిన యాక్సిల్స్ 4.10వి, అంకె తగ్గితే లాగే బలం తగ్గుతుంది. పైగా 6.00-16 టైర్ల చోట సుమారు మూడంగుళాలు ఎత్తున్న 7.50-16 పెట్టాం. కొత్త క్రౌన్ సెట్లు వచ్చేలోపు 4.10తోనే కొన్నాళ్ళు తిప్పి చూశాను. 2.1 లీటర్ల ప్యూజో డీజిల్ ఇంజన్ మిట్ట ఎక్కడానికి ఆయాసపడింది, క్లచ్ వాసన కొట్టింది. 4.88 వేయించాక బండికి ప్రాణం వచ్చింది. ముందూ వెనకా ఒకే నిష్పత్తి ఉండి తీరాలి. తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేస్ నలిగిపోతుంది.

బ్రేకుల దగ్గర పొదుపు వద్దు. నాలుగు చక్రాలకీ డిస్కులొచ్చాయని సంబరపడి పెడల్ నొక్కితే బ్రేకులకి ఆయిల్ పంపే పాత మాస్టర్ సిలిండర్‌నే ఉంచితే పెడల్ రాయిలా ఉంటుంది, బండి ఆగదు. కాలి బలం పెంచే బూస్టర్, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ పెట్టించాం. ఇప్పుడు బస్తాలతో దిగుడులో కూడా ధీమాగా ఆగుతుంది. నా బండిలో చేతి బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉంది, దాన్ని కదపలేదు.

వాడకంలో ఎక్కువ పని పెట్టింది ముందు నకిళ్ళు (ముందు చక్రాలు మళ్ళే కీళ్ళు). లోపలి ఆయిల్ సీల్ పోతే డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి చేరి గ్రీజుని జావలా చేస్తుంది. గుండ్రటి బంతి మీద ఆయిల్ తడి కనిపించిందంటే వాయిదా వెయ్యకుండా విప్పించాలి. మహేంద్రతనయ నదిలో నీళ్ళు దాటేవాళ్ళు, గెడ్డలు దాటేవాళ్ళు యాక్సిల్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టాలని ఇంజన్ గది దాకా పొడిగించుకోండి. వేడెక్కిన హౌసింగు నీళ్ళలో చల్లబడగానే గాలితో పాటు నీళ్ళనీ లోపలికి పీలుస్తుంది. ఆయిల్ పాలరంగులోకి తిరిగితే వెంటనే మార్చెయ్యాలి. నా వెనక యాక్సిల్‌కి కంపెనీ డిఫ్ లాక్ (రెండు చక్రాలనీ కలిపి తిప్పే ఏర్పాటు) ఉంది, చిన్న ఎలక్ట్రిక్ మోటారుతో పని చేస్తుంది. ఇసుకలో అది దేవుడు. కానీ వాడకుండా వదిలేస్తే ఆ మోటారు తుప్పుతో బిగుసుకుపోతుంది. మాకు బారువ సముద్రపు గాలి దగ్గరే, అందుకే అవసరం లేకపోయినా తరచూ ఇసుకలో వేసి తీస్తుంటాను.

నచ్చనివీ ఉన్నాయి. యాక్సిల్స్ జీపు కంటే బాగా వెడల్పు. టైర్లు మడ్‌గార్డులు దాటి బయటికొచ్చాయి, బురదంతా పక్కలకీ మనుషులకీ చిమ్ముతుంది. రెండు వరసల మధ్య ఇదివరకు ఒక్క తిప్పులో మళ్ళే చోట ఇప్పుడు వెనక్కీ ముందుకీ ఆడించాలి. టైరు ఎత్తు వల్ల వచ్చిన లాభం అందులో సగమే, అంటే ఒకటిన్నర అంగుళం. హౌసింగు లావు దాన్ని చాలావరకు తినేసింది. రాళ్ళ దారిలో మహేంద్రగిరి అడుగు దాకా వెళ్ళేవారు ఇది లెక్కలో పెట్టుకోవాలి. బరువు పెరగడంతో కమాన్లకి ఒక్కో పట్టీ అదనంగా వేశాం, ఖాళీగా వెళ్తే కుదుపు ఎక్కువే.

రోడ్డు సంగతి గట్టిగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఇలాంటి మార్పుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే నా జీపు తోట గేటు దాటదు, మేస్త్రీ దగ్గరికి లారీ మీదే వెళ్తుంది. పలాస హైవే మీద తిరగాలనుకునేవారు ఈ పని పెట్టుకోవద్దు.

విడిభాగాల్లో హబ్బు బేరింగులు నంబరు చెప్తే పెద్ద బేరింగుల షాపుల్లో దొరుకుతున్నాయి. నకిల్ సీల్ కిట్, డిస్క్ ప్యాడ్లు ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి. నేను మార్చి నెలలో పిక్కలు రాలే ముందే ఒక సెట్టు కొని ఇంట్లో పెట్టుకుంటాను.