పులికాట్ పక్షుల ట్రిప్: ఐదు మార్కులకి గైడ్‌కి 5, బండికి 2

తిరుపతి నుంచి పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల చెరువు రెండూ ఒక్క రోజులో చూపించి సాయంత్రానికి ఇంటి దగ్గర దింపే ట్రిప్ ఒకటి ఏప్రిల్ మొదటి ఆదివారం బుక్ చేశాం. కారు, గైడ్, స్కోప్ (దూరపు పిట్టల్ని చూసే టెలిస్కోప్) కలిపి నలుగురికి 6,500. టిఫిన్, భోజనం మన ఖర్చే.

ముందు గైడ్ గురించి చెప్పాలి. సూళ్లూరుపేట దగ్గరి కుర్రాడు. సరస్సు మధ్యగా పోయే శ్రీహరికోట రోడ్డు మీద బండి ఆపించి, "ఫ్లెమింగోలు ఎక్కడికీ పోవు అన్నా, ముందు ఈ బురద చూడండి" అని స్కోప్ పెట్టాడు. మొదట నాకు బురదే కనపడింది. కాసేపటికి అది కదిలింది! వందల ఉల్లంకి పిట్టలు, గోరింక కంటే చిన్నవి, ముక్కు కొంచెం కిందికి వంగి ఉంది, వాటిని కర్ల్యూ శాండ్‌పైపర్లు అంటారట. చలికాలమంతా బూడిదరంగులో ఉండేవి ఇప్పుడు పొట్ట మీద మచ్చలు మచ్చలుగా ఇటుకరంగు ఎక్కుతున్నాయి. ఇవి గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు కొసన, అంత దూరం ఎగరడానికి ఒంట్లో కొవ్వు పట్టాలి కాబట్టి ఇప్పుడు వీటికి తిండే పని. వేసవికి సరస్సు ఇంకుతూ బురద తేలడం వాటికి కలిసొస్తుందన్నమాట. ఇన్నేళ్లు ఇంత దగ్గర్లో ఉండి ఇది చూడనందుకు నాకు నిజంగా బాధేసింది.

ఇంతలో పక్క కారులోంచి దిగినవాళ్లు ఫొటో కోసం ఫ్లెమింగోల్ని లేపుదామని చప్పట్లు కొట్టబోయారు. మా గైడ్ పరుగున వెళ్లి ఆపేశాడు, గట్టిగానే చెప్పాడు. ఆ ఒక్క పనికే ఐదు మార్కులు.

ఇక బండి. ఐదింటికి వస్తామన్నారు, వచ్చేసరికి ఏడు కావొస్తోంది. ఫోన్ చేస్తే "దారిలో ఉన్నాం సార్" అని మూడుసార్లు అదే మాట. శ్రీహరికోట రోడ్డు మీదికి చేరేసరికి తొమ్మిది దాటింది, గంట తిరక్కముందే ఎండకి గాలి అలలాడిపోయి స్కోప్‌లో దూరపు పిట్ట ఏదీ నిలవలేదు. గాడ్విట్లు అనే పొడుగు ముక్కు పిట్టలు ఉన్నాయని గైడ్ చూపించాడు గానీ వణికే నీడలే తప్ప నాకు తెలియలేదు. పక్షుల ట్రిప్‌కి ఆ రెండు గంటలే ప్రాణం, ఇది నడిపేవాళ్లకి తెలియకపోతే ఎలా?

మధ్యాహ్నం నేలపట్టు. గూడబాతులు (పెలికాన్లు) చాలావరకు వెళ్లిపోయాయి, ఎదిగిన పిల్లలు కొన్ని చెరువులో చెట్ల మీద ఉన్నాయి. గూళ్లు నిండుగా చూడాలంటే డిసెంబర్, జనవరిలో రావాలి.

మళ్లీ వెళ్తా, గైడ్‌ని మాత్రమే మాట్లాడుకుని. ముందురోజు రాత్రే సూళ్లూరుపేటలో రూమ్ తీసుకుని, తెల్లవారేసరికి అదే రోడ్డు మీద తూర్పుగా అటకానితిప్ప ఊరి దాకా పోయి, సూర్యుణ్ణి వీపున పెట్టుకుని వెనక్కి మెల్లగా చూసుకుంటూ రావడం. ఏప్రిల్ సగం దాటకుండా వెళ్లండి, ఆ తర్వాత బురద కూడా పగుళ్లిస్తుందని అతనే చెప్పాడు.