సింహళ పాటలకి సర్కారు రేడియో మేలా, ప్రైవేటు ఎఫ్ఎంలా?

2021లో శ్రీలంక గాయని యోహాని పాడిన సింహళ పాట "మాణికె మగె హితే" రీల్స్‌లో మోత మోగించాక, ఆ భాషలో ఇంకేం పాటలున్నాయో అని మనవాళ్ళు చాలామంది వెతికారు. యూట్యూబ్ ఏమో తిప్పి తిప్పి అదే పాట రీమిక్స్‌లు చూపిస్తుంది. దానికన్నా శ్రీలంక రేడియో పెట్టుకోవడం నయం. స్టేషన్లు చాలావరకు నెట్‌లో వస్తాయి, పైగా వాళ్ళ టైమూ మన టైమూ ఒకటే.

ఏది పెట్టాలి? ఒకవైపు సర్కారు వారి ఎస్ఎల్‌బీసీ (శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్), అంటే మన పెద్దవాళ్ళ రేడియో సిలోన్. 1952లో కేస్కర్ మన సమాచార ప్రసార మంత్రిగా వచ్చి ఆకాశవాణిలో సినిమా పాటలకి కత్తెర వేస్తే జనమంతా రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పుకున్నారు, మీనాక్షి పొన్నుదురై గొంతులో తెలుగు పాటల కార్యక్రమాలు విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ ముచ్చట చెబుతుంటారు. 1967లో అది కార్పొరేషన్ అయింది, 1972లో ఇప్పటి పేరు వచ్చింది. సింహళంలో స్వదేశీయ సేవయ (జాతీయ సేవ), వెళెంద సేవయ (వాణిజ్య సేవ) వీళ్ళ ముఖ్యమైన ఛానెళ్ళు.

వీళ్ళ బలం పాత రికార్డింగులే. అమరదేవ, నందా మాలిని, విక్టర్ రత్నాయక లాంటివాళ్ళు పాడిన సరళ గీ వినాలంటే ఇక్కడికే రావాలి. మన ఆకాశవాణి లలిత గీతాల మాదిరిగా ఉంటాయవి: సాహిత్యం ముందు, వాయిద్యాలు తర్వాత. అమరదేవ లక్నోలోని భాత్‌ఖండే సంగీత కళాశాలలో చదువుకున్నాడు కాబట్టి రాగాల పరంగా కూడా మనకి అంత కొత్తగా అనిపించవు.

కానీ ఎవరు పాడాలి, ఎవరు పాడకూడదు అన్నది చాలాకాలం ఈ సంస్థే తేల్చేది, అది నాకు నచ్చదు. 1952లో గాయకులకి ఆడిషన్లు పెట్టి గ్రేడులివ్వడానికి లక్నో నుంచి హిందుస్తానీ విద్వాంసుడు రతన్‌జన్‌కర్‌ని పిలిపించారు. సింహళ పాటకి తనదైన బాణీ ఉండాలని పట్టుబట్టిన సునీల్ శాంత ఆ ఆడిషన్‌కి ఒప్పుకోలేదు, అంత పేరున్న గాయకుడు రేడియోకి దూరమైపోయాడు. అలాగని అన్ని తలుపులూ మూసేశారని కాదు. క్లారెన్స్ విజేవర్ధన ఎలక్ట్రిక్ గిటార్‌తో మూన్‌స్టోన్స్ గ్రూపు కట్టినప్పుడు వెన్నుతట్టింది సిలోన్ అనౌన్సర్ విజయ కొరియానే.

ఇక ప్రైవేటువి. 1994లో సిరస, 1998లో హిరు, ఆ తర్వాత ష ఎఫ్ఎం, ఇంకా బోలెడు. ఇక్కడ రాజ్యమంతా బైలాదే. పోర్చుగీసువాళ్ళ నుంచి, వాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన కాఫిర్ల నుంచి వచ్చిన ఆటపాట అది, దాన్ని సింహళ పాటగా నిలబెట్టిన వాలీ బాస్టియన్ పోలీసు ఉద్యోగి. ఆ 6/8 నడక (ఆరు దెబ్బల ఊపు తాళం) మొదలైతే భాష రాకపోయినా కాలు ఆగదు. బైలా అంటే తాగి గెంతే పాటేగా అని పెదవి విరిచేవాళ్ళున్నారు గానీ, బైలా గాయకుడు ఆంటన్ జోన్స్ ఊళ్ళో జరిగిన ఘటనల మీదే పాటలు కట్టాడు, జిప్సీస్ బ్యాండు గాయకుడు సునీల్ పెరేరా రాజకీయ నాయకుల్ని పాటలోనే ఏకిపారేసేవాడు. ఇక ష ఎఫ్ఎంలో సిందు కామరె లాంటి కార్యక్రమాల్లో బ్యాండు లైవ్‌గా వాయిస్తుంటే, ఒక పాట తోకకి ఇంకో పాట కట్టి నాన్‌స్టాప్‌గా లాగుతారు చూడండి, ఆ ఊపు సర్కారు ఛానెల్లో దొరకదు గాక దొరకదు.

వీటితో చిరాకు కూడా ఎక్కువే. ప్రకటనలు, పాట మీద యాంకర్ల కబుర్లు, చివరి చరణం రాకముందే కోసేయడం. ఎవరు పాడారో కూడా చెప్పకుండా తర్వాతి పాటకి పోతే కొత్తగా వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఇదొక్కటే నాకు అసలు పడదు.

హెచ్.ఆర్. జోతిపాల సినిమా పాటలు మాత్రం ఎక్కడ తగిలినా వదలకండి. వాటిలో చాలా వాటికి మూలం హిందీ బాణీలే, "ఇది ఎక్కడో విన్నానే" అని తడుముకోవడం భలే సరదాగా ఉంటుంది.

నా ఓటు వెళెంద సేవయకే. కొంచెం నిదానంగా నడుస్తుంది, నిజమే, కానీ పాట మొత్తం వినిపిస్తుంది, ఎవరు పాడారో చెబుతుంది, ఆ పేరు పట్టుకుని తర్వాత మీరే వెతుక్కోవచ్చు. డ్రైవింగ్‌కో పార్టీకో అయితే ఇదంతా అక్కర్లేదు, నేరుగా ష ఎఫ్ఎం పెట్టేయండి. ఒకటే జాగ్రత్త, పౌర్ణమి నాడు మొదలుపెట్టకండి. అది వాళ్ళకి పోయ దినం, ఏ స్టేషన్ తిప్పినా బౌద్ధ ప్రవచనాలు, భక్తి గీతాలే ఎక్కువ, బైలా కోసం మర్నాటిదాకా ఆగాల్సిందే.